వైట్స్ ట్రీ ఫ్రాగ్‌కి పాత చేపల ట్యాంక్ సరిపోతుందా?

ట్యాంక్ అడ్డంగా పొడవుగా ఉండేదైతే సరిపోదండి. మీరు వచ్చే నెల తెచ్చుకుంటానంటున్నది చెట్టెక్కే కప్ప, దానికి కావాల్సింది ఎత్తు. ఒక్క కప్పకి 45 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే హాయిగా ఉంటుంది. మూత గాలాడే జాలీది పెట్టి గట్టిగా బిగించండి, ఎందుకంటే వేళ్ళ చివర ఉండే మెత్తలతో ఇవి నున్నటి గాజు మీద కూడా ఎక్కేస్తాయి, కాస్త సందు దొరికితే తెల్లారేసరికి ట్యాంక్‌లో ఉండవు.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చేయకండి. కప్ప కదా, ఎప్పుడూ తడిగానే ఉండాలి అనుకుని రోజుకి నాలుగైదు సార్లు నీళ్ళు చల్లుతూ వచ్చాను, తేమ పోకూడదని జాలీ మీద ప్లాస్టిక్ కవర్ కూడా కప్పాను. మూడు వారాలు తిరిగేసరికి నా కప్పకి పొట్ట కింద, తొడల లోపల చర్మం ఎర్రబడింది, తిండి మానేసి ఒక మూలన కూర్చుండిపోయింది. డాక్టర్ చూసి చర్మానికి ఇన్‌ఫెక్షన్ వచ్చిందన్నారు, గాలాడని తడిలో ఇది మామూలేనట. కోలుకోవడానికి నెల పట్టింది, ఆ నెలంతా నాకు ఒకటే టెన్షన్. అందుకే చెప్తున్నా, తేమ 50 నుంచి 60 శాతం ఉంటే చాలు, నీళ్ళు చల్లినప్పుడు 70 దాకా వెళ్ళినా భయం లేదు, కానీ మళ్ళీ చల్లేలోపు ఆకులూ గాజూ ఆరిపోవాలి. కంటితో అంచనా వేయకుండా తేమ కొలిచే హైగ్రోమీటర్ ఒకటి పెట్టుకోండి.

నీళ్ళ సంగతి అన్నిటికంటే ముఖ్యం. కప్ప నోటితో నీళ్ళు తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది, కాబట్టి గిన్నెలో ఏముంటే అదే ఒంట్లోకి పోతుంది. కుళాయి నీళ్ళు ఒక రోజు మూత లేకుండా ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ, నీళ్ళు శుభ్రం చేయడానికి కొన్నిచోట్ల కలిపే క్లోరమిన్ పోదు, అందుకని రెండింటికీ పనిచేసే డీక్లోరినేటర్ చుక్కలు వేసి వాడడమే మంచిది. డిస్టిల్డ్ వాటర్ గిన్నెలో పోయకండి, అందులో లవణాలు ఉండవు. గిన్నె లోతు తక్కువగా ఉండాలి, కప్ప కూర్చుంటే నీళ్ళు గడ్డం దాకా రావాలి, అంతే. సాధారణంగా ఆ గిన్నెలోనే మలం కూడా వేస్తుంది, కాబట్టి నీళ్ళు రోజూ మార్చాల్సిందే.

అడుగున చేపల ట్యాంక్‌లోని చిన్న గులకరాళ్ళు మాత్రం వద్దు. పురుగు మీదికి దూకినప్పుడు రాయి కూడా నోట్లోకి పోయి పేగుల్లో అడ్డుపడుతుంది. మొదటి నెల తడి టిష్యూ పేపర్ పరవండి, చూడ్డానికి బాగుండదు గానీ మలం సరిగ్గా ఉందో లేదో తెలుస్తుంది. ఆ తర్వాత కొబ్బరి పొట్టుకి మారొచ్చు. పైన దాని బరువు ఆపగలిగే లావు కొమ్మలు రెండు మూడు అడ్డంగా, ఏటవాలుగా పెట్టండి, పగలు దాక్కోవడానికి వెడల్పాటి ఆకులున్న మొక్క ఉండాలి. మనీ ప్లాంట్ చక్కగా బతుకుతుంది.

పగలు 24 నుంచి 28 డిగ్రీలు, రాత్రి 20కి తగ్గకుండా చూడండి. హీట్ మ్యాట్ కావాలంటే పక్క గోడకి బయటివైపు, వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్‌తోనే పెట్టాలి. లోపల పెట్టే వేడి రాళ్ళు వద్దు, చర్మం కాలుతుంది. లైటు 12 గంటలు చాలు.

తిండికి కీచురాళ్ళు, బొద్దింకలు, కప్ప రెండు కళ్ళ మధ్య దూరం కంటే పెద్దవి కాకుండా వేయండి. క్యాల్షియం పొడి అద్దడం మర్చిపోకండి.

ఇంకొక్క మాట. ట్యాంక్ అంతా సిద్ధం చేసి కప్ప లేకుండానే ఒక వారం నడపండి, పొద్దునా రాత్రీ వేడి, తేమ ఎంత ఉంటున్నాయో రాసుకోండి. ఇవి 15 ఏళ్ళు పైనే బతుకుతాయి, ఒక వారం ఆగితే ఏమీ కాదు. తెచ్చాక మొదటి కొన్ని రోజులు తినకపోవచ్చు, కంగారుపడి చేతిలోకి తీసుకోకండి, నీళ్ళు మార్చి వదిలేయండి.