మూతపడ్డ ఫ్యాక్టరీలో కెమెరా పట్టేముందు

చిరంజీవి కార్తీక్‌కు పెదనాన్న ఆశీస్సులు.

బోధన్ శక్కర్‌నగర్‌లో మూతపడి ఉన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీని వీడియో తీద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. చక్కెర ఫ్యాక్టరీల్లో ఫిట్టర్‌గా పనిచేసి, రిటైరయ్యాక మూతపడ్డ మిల్లుల ఫొటోలు తీస్తూ తిరుగుతున్నవాణ్ని కాబట్టి నాకు తెలిసినంత రాస్తున్నాను. కొంచెం పెద్ద ఉత్తరమే, ఓపిగ్గా చదువు.

తీయాలనుకుంటే ఆలస్యం చేయొద్దు. వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు 1934లో మొదలై 2002లో మూతపడింది. ఇవాళ ఆ స్థలంలో చాలా భాగం ప్లాట్లు, ఇళ్లు. పాల్వంచ కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో కూల్చేశారు. తరాల తరబడి ఆ ఊరికి గుర్తుగా నిలబడ్డవి క్షణాల్లో నేలకూలాయి. ముందుగా ఎవరైనా లోపలికి వెళ్లి ఓపిగ్గా చిత్రీకరించి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. అక్కడ పనిచేసినవాళ్లతో మాట్లాడకుండా కెమెరా బయటికి తీయకు. 1937లో మొదలైన ఫ్యాక్టరీ అది, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. నిజాంసాగర్ కాలువ నీళ్లతో పండిన చెరుకు అక్కడికి పోయేది. 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది. అంటే ఆ గేటులోంచి డ్యూటీకి వెళ్లినవాళ్లు ఇంకా ఆ ఊళ్లోనే, ఆ చుట్టుపక్కలే ఉన్నారు. చెరుకు తోలిన రైతులూ ఉన్నారు. నీకు అది పాడుబడ్డ బిల్డింగే కావచ్చు, వాళ్లకు అది ఆగిపోయిన జీతం. కాబట్టి వీడియోకి ‘దెయ్యాల ఫ్యాక్టరీ’ లాంటి పేరు పెట్టావంటే నేను మాత్రం క్షమించను. ‘ఇక చచ్చిపోయింది’ అని కూడా తేల్చేయకు. సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి 2018లో మళ్లీ తెరుచుకుంది. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడితే, అదే చోట కొత్త ప్లాంటు 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. తెరుచుకుంటుందని ఎదురుచూసేవాళ్లకు ఆ ఆశ ఊరికే పుట్టలేదు.

పర్మిషన్ సంగతి. ఎవరూ లేరు కదా అని గోడ దూకొద్దు. మూతపడ్డ ప్రతి ఫ్యాక్టరీకీ ఎవరో ఒక యజమాని ఉంటాడు. కంపెనీ దివాలా తీసి లిక్విడేషన్‌లోకి వెళ్తే ఆస్తి లిక్విడేటర్ (ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే అధికారి) చేతిలో ఉంటుంది, ప్రభుత్వానిదైతే ఆ కార్పొరేషన్ చేతిలో. రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టు: ఏ రోజు, ఎంతమంది, ఏ ఏ భాగాలు, దేనికోసం అని. సంతకం పెట్టిన కాగితం జిరాక్సు జేబులో ఉంచుకో. గేటు దగ్గర వాచ్‌మన్‌కి వందో రెండొందలో చేతిలో పెట్టి లోపలికి పోవడం అసలు చేయకూడని పని. నీకేమైనా అయితే పోయేది అతని ఉద్యోగం. కానీ అదే వాచ్‌మన్‌తో కూర్చుని టీ తాగు. ఏ మెట్లు ఊడాయో, ఏ షెడ్డులో తేనెపట్టు ఉందో అతనికి తెలిసినంతగా ఆఫీసులో ఎవరికీ తెలియదు. డ్రోన్ ఎగరేయాలంటే డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైట్) మ్యాపులో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో ముందే చూసుకో.

తేనెపట్టు అన్నాను కదా, తేలిగ్గా తీసుకోకు. చిమ్నీలకూ వాటర్ ట్యాంకులకూ పెద్ద పెద్ద పట్లు వేలాడుతుంటాయి. డ్రోన్ చప్పుడుకి అవి లేచాయంటే పరిగెత్తడానికి కూడా చోటుండదు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పేది విను. చక్కెర ఫ్యాక్టరీలో మొలాసిస్ ట్యాంకులుంటాయి, అంటే చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం నిలవ చేసేవి. వాటిలోకి దిగొద్దు, మూత దగ్గర తల పెట్టి తొంగి కూడా చూడొద్దు. అడుగున మిగిలిన మొలాసిస్ పులిస్తే కార్బన్ డయాక్సైడ్ వచ్చి కిందనే పేరుకుంటుంది. అది లేకపోయినా, మూసి ఉన్న ఇనుప ట్యాంకులో తుప్పు పట్టేకొద్దీ గాలిలో ఆక్సిజన్ తరిగిపోతుంది. మామూలు గాలిలో 21 శాతం దాకా ఉండాలి. 19.5 కంటే తగ్గిందంటే ప్రమాదమే, బాగా తగ్గితే మనిషి నిలబడ్డచోటే కూలిపోతాడు. వాసన రాదు, కంటికి ఏమీ కనిపించదు. ఒకడు పడిపోతే వాణ్ని లాగుదామని రెండోవాడు దిగుతాడు, వాడూ పోతాడు. డ్రైనేజీ మ్యాన్‌హోళ్ల వార్తల్లో మనం ఏటా చదివేది ఇదే. బాయిలర్ డ్రమ్ములూ, నేలకింద సంపులూ, కేబుల్ ట్రెంచులూ అన్నీ ఈ లెక్కలోవే. సంపు మీద తుమ్మ చెట్లో తంగేడు పొదలో కమ్మేసి ఉంటాయి, కాబట్టి గడ్డిలో నడిచేటప్పుడు కర్రతో నేల తట్టుకుంటూ వెళ్లు. పాములకూ అదే మందు. పాత గనుల జోలికి మాత్రం ఎన్నడూ పోకు. కోలార్ బంగారు గనులైనా, మన సత్యసాయి జిల్లా రామగిరి అయినా, గూడూరు వైపు మైకా గుంటలైనా సరే, పైనున్న కట్టడాలను దూరంగా నిలబడి తీసుకో.

పై అంతస్తుల్లో నడవడానికి ఇనుప ప్లేట్లూ జాలీలూ ఉంటాయి. పైన చూస్తే గట్టిగానే కనిపిస్తాయి, తుప్పు తినేది అడుగునుంచి. ముందు కిందికి వెళ్లి, టార్చి వేసి, ఆ ప్లేట్లను అడుగువైపునుంచి చూడు. వెలుతురు చుక్కలు కనబడ్డా, పొరలు పొరలుగా ఊడుతున్నా పైకి ఎక్కొద్దు. సిమెంటు రేకుల కప్పు మీద కాలు అసలే పెట్టొద్దు. ఆ రేకుల్లోనూ, పాత ఆవిరి పైపుల చుట్టూ ఉండే తెల్లటి చుట్టలోనూ ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. పగలగొట్టకు, ఊడ్చకు, చేత్తో పీకకు. మొహానికి కట్టుకున్న కర్చీఫు ఆ ధూళిని ఆపదు.

ఒంటరిగా వెళ్లొద్దనీ, గట్టి బూట్లు వేసుకోమనీ, ఎన్నింటికి బయటికి వస్తావో ఇంట్లో చెప్పమనీ వేరే రాయక్కర్లేదనుకుంటా.

ఇక తీయడం. చాలా వీడియోల్లో తుప్పు, పావురాలు, విరిగిన అద్దాలు, వెనకాల ఏడుపు సంగీతం. ఏ ఫ్యాక్టరీ చూసినా ఒకేలా ఉంటుంది. నువ్వు చెరుకు నడిచిన దారిలో నడువు. కాటా దగ్గర మొదలుపెట్టు. అక్కణ్నుంచి యార్డు, చెరుకును మోసుకెళ్లే కేన్ క్యారియర్, రసం పిండే రోలర్లు. పిప్పి బాయిలర్ వైపు పోతుంది, రసం సున్నం నీళ్లూ గంధకం పొగా తగిలి తేరుకుని ఎవాపొరేటర్లలో చిక్కబడుతుంది. తర్వాత పాన్ హౌస్, చివరికి గిర్రున తిప్పి గింజనూ మొలాసిస్‌నూ విడదీసే సెంట్రిఫ్యూగల్ మిషన్లు, బస్తాల గోడౌన్. ఈ వరస పట్టుకుంటే చూసేవాడికి ఆ ఇనుప గుట్టలో ఒక పని కనిపిస్తుంది. మిషన్ మీద తయారీదారు పేరున్న ప్లేటు కనబడితే తప్పకుండా దగ్గరగా తియ్యి.

అన్నిటికంటే పాన్ హౌస్ మీద ఎక్కువసేపు ఉండు. చక్కెర గింజ కట్టేది అక్కడే. పాకం కాచే పాన్‌మన్, నమూనా తీసే ప్రూఫ్ స్టిక్ లాగి, దాని కొసనున్న పాకాన్ని అద్దం ముక్క మీద రాసి, వెలుతురుకి ఎత్తి చూసేవాడు. గింజ సన్నగా ఉందా, కొత్త పొడి గింజ పుడుతోందా, నీళ్లు పట్టాలా అన్నది ఆ చూపులోనే తేలేది. మీటర్లున్నా చివరి మాట అతనిదే. అలాంటి మనిషి దొరికితే ‘అప్పట్లో ఎలా ఉండేది’ అని అడగకు, ఎవరైనా ‘బాగుండేది’ అనే చెబుతారు. ‘అద్దం మీద ఎలా రాసేవారు, ఏం చూసేవారు’ అని అడుగు. కెమెరా మొహం మీద నుంచి దించి చేతుల మీద పెట్టు. వేళ్లు వాటంతట అవే కదులుతాయి. ఆ షాటు పది డ్రోన్ షాట్ల పెట్టు.

లోపల చీకటి, కప్పు సందుల్లోంచి ఎండ. ట్రైపాడ్ వేసి, వెలుతురు పడే చోటుకి ఎక్స్‌పోజర్ పెట్టి, నీడల్ని నీడల్లాగే వదిలెయ్. ప్రతి గదిలోనూ ఎవరూ మాట్లాడకుండా రెండు నిమిషాలు శబ్దం రికార్డు చేసుకో. ఎడిటింగ్‌లో ఎంత అక్కరకొస్తుందో నీకే తెలుస్తుంది.

టైం ఆఫీసులోనో స్టోర్‌లోనో రిజిస్టర్లు నేలమీద పడి ఉండొచ్చు. ఒక్క కాగితం కూడా ఇంటికి తేకు. హాజరు పుస్తకాలు, సర్వీసు రికార్డులు పీఎఫ్‌కో గ్రాట్యుటీకో ఇప్పటికీ ఎవరికో ఆధారం కావచ్చు. కనిపిస్తే యూనియన్ వాళ్లకు చెప్పు. పేర్లు, నంబర్లు చదవగలిగేంత దగ్గరగా తీయకు. ఎటునుంచి సులువుగా లోపలికి పోవచ్చో కూడా వీడియోలో చూపించకు. రాగి తీగల కోసం కాచుకుని ఉండేవాళ్లు నీకంటే శ్రద్ధగా చూస్తారు.

అప్‌లోడ్ చేసేముందు శక్కర్‌నగర్‌లోనే ఒక సాయంత్రం పాత కార్మికులకు చూపించు. మిషన్ పేరు తప్పు చెబితే అక్కడికక్కడే సరిచేస్తారు. తీసేయమన్నది ఏదైనా ఉంటే వాదించకుండా తీసెయ్.

పర్మిషన్ వచ్చి తేదీ ఖరారు కాగానే నాకు ఫోన్ చెయ్యి. పాన్ హౌస్‌లో పనిచేసి రిటైరైన మిత్రుడొకాయన ఉన్నాడు, ముందే చెప్పి ఉంచుతాను. ఆయనకు మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కమని అడక్కు, గేటు దగ్గర నీడలో కుర్చీ వేసి మాట్లాడించు. చూడ్డానికి ఒక అద్దం ముక్క మాత్రం వెంట తీసుకెళ్లు.

మీ పెదనాన్న