రెండో కృష్ణుడు వచ్చినప్పుడు హార్మోనియం వైపు చూడు

తమ్ముడూ,

నా వయసుకి బాబాయ్ అనాలి, నువ్వు అన్నా అని రాశావు. ఆ ఒక్క మాటకే నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి టీ తాగుతూ, రెండోసారి పెన్సిల్ పట్టుకుని.

అమెరికన్ రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్ కొత్త ఆల్బమ్ 'ఫ్రమ్ జీరో' మీద రాశావు కదా. పెన్సిల్ పట్టుకున్నాక నేను చేసిన మొదటి పని లెక్కపెట్టడం. పోయిన పాత గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ పేరు ముప్పై ఒక్కసార్లు వచ్చింది. ఈ ఆల్బమ్‌లో పాడిన కొత్త గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు నాలుగుసార్లు. వాటిలో ఒకటి 'ఆర్మ్‌స్టాంగ్' అని పడింది. ఆ తప్పు ముందు దిద్దుకో. పేరు తప్పు రాశాక నువ్వు ఎంత గొప్ప మాట చెప్పినా చదివేవాడు నమ్మడు.

నీ బాధ నాకు అర్థం కాకపోలేదు. నువ్వు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇంటర్ చదివిన రోజుల్లో ఆ గొంతు నీకు తోడు. 2017 జులై 20న చెస్టర్ పోయాడన్న వార్త హాస్టల్ గదిలో ఎలా విన్నావో రాసిన పేరా బాగుంది. నిజంగా బాగుంది, అది ఉంచెయ్. కానీ ఆ తర్వాత పన్నెండు పేరాలూ ఆ ఒక్క పేరానే మళ్లీ మళ్లీ రాశావు. 'చెస్టర్ లేని లింకిన్ పార్క్ ఉప్పు లేని పప్పు' అన్నావు. సరే. మరి ఆ పప్పు కందిపప్పా, పెసరపప్పా? పోపులో ఏం వేశారు? కొత్తగా ఏదైనా కూర కలిసిందా? ఒక్క ముక్క లేదు. వంట తినకుండానే విస్తరి ముందు నుంచి లేచినట్టుంది.

మా ఊళ్లో చిన్నప్పుడు పద్యనాటకాలు ఆడేవారు. గోడ మీద అంటించిన కాగితంలో ఒకటో కృష్ణుడు ఫలానా, రెండో కృష్ణుడు ఫలానా అని పేర్లు ఉండేవి. ఒకే రాత్రి, ఒకే నాటకం, ఇద్దరు కృష్ణులు. మొదటాయన రాయబారం పద్యాలు పాడి వన్స్‌మోర్‌లు కొట్టించుకుని లోపలికి వెళ్లాక, రెండో ఆయన వచ్చే సరికి జనంలో గుసగుసలు. 'ఇతనికి ఆ గొంతేది' అని బీడీ ముట్టించేవాళ్లు. మా తాత మాత్రం కృష్ణుడి వైపు చూసేవాడు కాదు. 'హార్మోనిస్టుని చూడరా' అనేవాడు. మొదటాయన ఐదు శ్రుతి, రెండో ఆయన నాలుగు. తెలిసిన హార్మోనిస్టు అయితే కొత్త కృష్ణుడు అడుగు పెట్టకముందే వేళ్లు జరుపుకునేవాడు, మొదటి పద్యానికి కాస్త ఎక్కువ సాగదీసి రాగం చూపించేవాడు, వచ్చినాయన ఊపిరి తీసుకునే దాకా ఆగేవాడు. తెలియనివాడైతే పాత శ్రుతిలోనే కూర్చునేవాడు. అప్పుడు పద్యం పడిపోతే జనం కృష్ణుణ్ణి తిట్టేవాళ్లు.

నేను నీకు చెప్పదలుచుకున్నది ఇదే. పాత బ్యాండ్‌లోకి కొత్త గొంతు వచ్చినప్పుడు అందరూ ఆ గొంతునే వింటారు. నువ్వు మిగిలినవాళ్లని విను. వాళ్లు జరిగారా, కూర్చున్నచోటే కూర్చున్నారా? నీ వ్యాసం అక్కడ ఉంది.

ఈ ఆల్బమ్ నుంచి మొదట విడుదలైన 'ది ఎంప్టీనెస్ మెషీన్' తీసుకో. 2024 సెప్టెంబర్ 5న, ఏడేళ్ల తర్వాత బ్యాండ్ మళ్లీ జనం ముందుకొచ్చిన రోజు అది బయటికొచ్చింది. లోకమంతా కొత్త గాయని కోసం చెవులు రిక్కించి కూర్చుంటే, పాట మొదలుపెట్టింది ఎవరు? మొదటి నుంచీ బ్యాండ్‌లో పాడుతూ ర్యాప్ చేస్తున్న మైక్ షినోడా. మొదటి చరణం ఆయనదే, మొదటి పల్లవీ ఆయనదే. ఎమిలీ రెండో చరణంలో వస్తుంది. నువ్వు దీన్ని 'బ్యాండ్‌కే ఆమె మీద నమ్మకం లేదనడానికి గుర్తు' అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నాకైతే అది సాగదీసి రాగం చూపించడంలా వినిపించింది. తెలిసిన గొంతుతో తలుపు తీసి, వినేవాడు కుర్చీలో సర్దుకున్నాక, అప్పుడు కొత్త మనిషిని పిలిచారు. నాతో ఏకీభవించక్కర్లేదు. కానీ ఎవరు ఎప్పుడు వచ్చారో ముందు రాసి, తర్వాత నీ తీర్పు రాయి. అప్పుడు చదివేవాడు నీతో పోట్లాడటానికైనా వీలుంటుంది.

ఇంకో సంగతి. డ్రమ్స్ దగ్గర రాబ్ బౌర్డన్ ఇప్పుడు లేడు, కాలిన్ బ్రిటన్ ఉన్నాడు. పాట నడకే మార్చగల మనిషి మారితే నీ వ్యాసంలో దాని ఊసే లేదు. గిటారిస్టు బ్రాడ్ డెల్సన్ బ్యాండ్‌లోనే ఉన్నాడు కానీ కచేరీలకు వెళ్లడం లేదు, వేదిక మీద ఆయన గిటార్ ఇంకొకరు వాయిస్తున్నారు. గొంతు మీద బెంగతో ఇవేవీ నీ చెవిన పడలేదు.

అన్నిటికన్నా పెద్దది ఆల్బమ్ పేరు. 'జీరో నుంచి' అంటే సున్నా నుంచి మొదలు అని అర్థం చెప్పి ఊరుకున్నావు. 1996లో కాలిఫోర్నియాలో ఈ కుర్రాళ్లు పెట్టుకున్న మొదటి పేరే జీరో, కాకపోతే ఇంగ్లిషు ఎక్స్ అక్షరంతో. అప్పుడు పాడినవాడు చెస్టర్ కాదు, మార్క్ వేక్‌ఫీల్డ్ అని ఇంకొకతను. అతను వెళ్లిపోయాక 1999లో అరిజోనాలో ఉన్న చెస్టర్‌కి డెమో టేప్ పంపారు. తన ఇరవై మూడో పుట్టినరోజు పార్టీ వదిలేసి స్టూడియోకి వెళ్లి పాడి పంపాడు. అంటే నువ్వు ముప్పై ఒక్కసార్లు తలుచుకున్న మనిషి కూడా రెండో కృష్ణుడే. 2000 అక్టోబర్‌లో 'హైబ్రిడ్ థియరీ' వచ్చాక ఆ మాట ఎవరికీ గుర్తులేదు, అంతే. ఈ ఒక్క సంగతి నీ మొదటి పేరాలో ఉంటే మిగిలిన వ్యాసం దానంతటదే వేరే దారి పట్టేది.

'ఇలాంటి ప్రయోగాలు ఎప్పుడూ విఫలమే' అని కూడా రాశావు. ఎప్పుడూ అనే మాట రాసేముందు పక్కింటివాళ్లనైనా అడగాలి. 1980 ఫిబ్రవరి 19న ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ ఏసీ/డీసీ గాయకుడు బాన్ స్కాట్ లండన్‌లో చనిపోయాడు, ముప్పై మూడేళ్లు. ఏప్రిల్ కల్లా ఇంగ్లండ్ ఉత్తరం వైపు నుంచి బ్రయన్ జాన్సన్ అనే అతన్ని తెచ్చుకున్నారు. బహామాస్‌లో రికార్డు చేశారు. జులై 25న 'బ్యాక్ ఇన్ బ్లాక్' దుకాణాల్లో ఉంది. నిండా ఐదున్నర నెలలు కూడా కాలేదు. అమెరికాలోనే రెండున్నర కోట్లకు పైగా కాపీల లెక్క ఉంది దానికి.

ఆ ఆల్బమ్ విన్నావా? వినకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి విను. కొత్త గొంతు వినపడేముందు గంట మోగుతుంది. నిదానంగా, చావు గంటలాగా. మొదట ఇంగ్లండ్‌లో లఫ్‌బరో ఊళ్లో యుద్ధ స్మారక గోపురంలోని గంటని రికార్డు చేయబోతే, కొట్టినప్పుడల్లా పక్షులు రెక్కలు కొట్టుకుంటూ లేచి రికార్డింగ్ పాడుచేశాయట. చివరికి బ్యాండ్ కోసం పోతపోస్తున్న గంటనే, ఆ పోతపోసే కార్ఖానాలోనే రికార్డు చేశారు. అట్ట మొత్తం నలుపు. పోయినవాడి ఫోటో లేదు, కన్నీటి ప్రసంగం లేదు. దుఃఖం అంతా ఆ గంటకీ ఆ నలుపుకీ అప్పజెప్పేసి, పాటల్లో మాత్రం యంగ్ అన్నదమ్ములు ఎప్పటిలా గిటార్లు బాదారు. దాంతో కొత్తవాడి నెత్తి మీద ఆ బరువు పడలేదు. ఇలాంటిది పట్టుకున్న రోజున నువ్వు రాసింది నేను డబ్బిచ్చి చదువుతాను.

ఇక విఫలమైనవాటిలోనూ కారణం వెతకాలి. 1994లో ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్‌లోకి బ్లేజ్ బేలీ వచ్చాడు. అంతకుముందు పాడిన బ్రూస్ డికిన్సన్‌ది తారస్థాయిలో ఖణేల్మనే గొంతు. బేలీది బరువైన, కింది స్థాయి గొంతు. కచేరీల్లో డికిన్సన్ పాటల్ని శ్రుతి దించకుండా అలాగే ఇచ్చారు. పాపం అతను గోడ ఎక్కినట్టు పాడాడు. రెండు ఆల్బమ్‌ల తర్వాత 1999లో డికిన్సన్ తిరిగొచ్చాడు. మా తాత బతికుంటే 'తప్పు హార్మోనిస్టుది' అనేవాడు.

దీని గురించి నేనొకటి ఒప్పుకోవాలి. బేలీ పాడిన మొదటి ఆల్బమ్ 1995లో వచ్చినప్పుడు, బెంగళూరు నుంచి స్నేహితుడు పట్టుకొచ్చిన క్యాసెట్ విని నేను ఒక పత్రికకి సమీక్ష రాశాను. 'ఇది ఆ బ్యాండ్ కాదు' అని శీర్షిక. తెగ మెచ్చుకున్నారు. అసలు సంగతేమిటంటే నేను ఏ సైడ్ మాత్రమే విన్నాను. మొదటి పాటకే చిరాకొచ్చి, మిగతాది తీర్పు ఖాయం చేసుకుని విన్నాను. బీ సైడ్ తిప్పనే లేదు. మూడేళ్ల తర్వాత ఓ రాత్రి బస్సులో వాక్‌మన్‌లో తిప్పితే, ఆ బరువు గొంతుకి సరిపోయేలా నెమ్మదిగా, చీకటిగా కట్టిన చోట్లు కనపడ్డాయి. అక్కడ వాళ్లు జరిగారు! అప్పటికి ఆ పత్రికే లేదు, సవరణ వేసుకోవడానికి. నువ్వు ఆల్బమ్ మొత్తం విన్నావనే అనుకుంటున్నాను. ముప్పై రెండు నిమిషాలే కదా. మియాపూర్ నుంచి అమీర్‌పేటకి బస్సులో వచ్చేలోపు అయిపోతుంది.

ఇప్పుడు మాటల సంగతి. నువ్వు 'ఎమోషనల్ వాయిస్', 'పవర్‌ఫుల్ వాయిస్', 'సోల్‌ఫుల్ వాయిస్' అని మూడు రకాలు రాశావు. మూడింటికీ నాకు తేడా తెలియలేదు, నీకూ తెలిసినట్టు లేదు. ఇంగ్లిషు మాట వాడినందుకు కాదు నా గొడవ. గిటార్‌ని గిటార్ అనే అంటాం, డ్రమ్స్‌ని డ్రమ్స్ అనే అంటాం. కానీ గొంతు గురించి మన దగ్గర ఉన్నన్ని మాటలు వదిలేసుకోవడం దేనికి? బొంగురు గొంతు, పీలగొంతు, కీచు గొంతు, గరగరలాడే గొంతు, జీరబోయిన గొంతు. ఆ జీర అన్న మాట చూడు. ఏడవబోయి ఆపుకున్నప్పుడు వచ్చేదీ జీరే, రాత్రంతా పద్యాలు పాడాక మిగిలేదీ జీరే. చెస్టర్ గొంతు సన్నగా, తీగలా సాగుతూ ఉన్నట్టుండి చిరిగేది. ఎమిలీ గొంతులో మొదటి నుంచే అడుగున ఇసుక ఉంటుంది. ఇది నా వినికిడి, నీకు వేరేలా వినపడొచ్చు, అలాగే రాయి.

అరుపుకి ఎన్ని పేర్లు ఉన్నాయో చూడు: కేక, గావుకేక, బొబ్బ, రంకె, పొలికేక. భయంతో పెట్టేది ఒకటి, పోట్లాటకి దిగుతూ పెట్టేది ఒకటి. నువ్వు 2007 నాటి పాటలో చెస్టర్ పెట్టిన 17 సెకన్ల అరుపునీ, ఇప్పుడు ఎమిలీ పెట్టిన దాన్నీ స్టాప్‌వాచ్‌తో కొలిచావు. కొలిచినందుకు మెచ్చుకుంటాను, నీ వయసులో నేను ఆ మాత్రం కూడా చేయలేదు. కానీ ఇదేం కబడ్డీ కాదు, కూత ఎంతసేపు పట్టారో చూడటానికి. ఆ కేక కింద గిటార్లు ఏం చేస్తున్నాయి? డ్రమ్స్ పెరిగాయా, తప్పుకున్నాయా? అది గావుకేకా, రంకెనా? రెండు అరుపులకీ ఒకే మాట సరిపోతే నువ్వు ఇంకా సరిగ్గా వినలేదన్నమాట.

'ఆడగొంతుకి ఈ పాటలు సూట్ కావు' అన్న వాక్యం దగ్గర నా పెన్సిల్ విరిగింది. ఏ పాట? ఏ చరణం? ఎక్కడ అందలేదు? పాత పాటలు కచేరీలో ఆమె పాడినప్పుడు ఫలానా చోట శ్రుతి అందక తడబడింది అని రాయి, ఒప్పుకుంటాను. చోటు చూపించలేకపోతే ఆ వాక్యం కొట్టెయ్. మొహమాటం లేకుండా కొట్టెయ్.

మరి పోల్చకూడదా అంటావు. పోల్చు. పోల్చకుండా ఎవరూ వినలేరు, నేనూ వినలేను. ఆలిస్ ఇన్ చెయిన్స్ అని సియాటిల్ బ్యాండ్ ఉంది. వాళ్ల గాయకుడు లేన్ స్టేలీ 2002లో పోయాడు. 2009లో విలియం డువాల్‌తో కొత్త ఆల్బమ్ తెచ్చారు. ఆ బ్యాండ్ ప్రాణమంతా రెండు గొంతులు ఒకదాన్నొకటి రాసుకుంటూ వెళ్లడంలో ఉండేది. ఆ రెండో గొంతు, గిటారిస్టు జెర్రీ కాంట్రెల్‌ది, అలాగే మిగిలి ఉంది. అక్కడ పోలిస్తే నీకు దొరికేది 'ఎవరు గొప్ప' అన్న జవాబు కాదు. సగం కూలిన ఇంటికి మిగిలిన గోడ ఎంత బరువు మోస్తోందో తెలుస్తుంది. లింకిన్ పార్క్‌లో ఆ గోడ షినోడా. ఈ ఆల్బమ్‌లో అతను ముందుకన్నా ఎక్కువ పాడుతున్నాడా, తక్కువా? ఎమిలీ పక్కన అతని ర్యాప్ ఏమైనా మెత్తబడిందా? నాకు ఒక అభిప్రాయం ఉంది. చెప్పను. నువ్వు రాశాక చెప్తాను.

చివరి పేరాలో 'రెస్ట్ ఇన్ పీస్ లింకిన్ పార్క్' అన్నావు. బతికున్నవాళ్లకి తద్దినం పెట్టకు.

ఈ ఆదివారం ఇంకోసారి విను. ఫోన్ పక్కన పెట్టి, మొదటిసారి ఊరికే. రెండోసారి ఒక కాగితం మీద నిమిషాలు వేసుకుని, ఎవరు ఎప్పుడు వస్తున్నారో, ఎవరు తప్పుకుంటున్నారో మాత్రం రాసుకో. విశేషణాలు ఏమీ వద్దు. ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు, వ్యాసం తర్వాత చూద్దాం. హాస్టల్ గది పేరా మాత్రం కదపకు. బహుశా అది చివరికి వెళ్తుందేమో, నువ్వే చూసుకో.

అన్నట్టు, ఆ ఐరన్ మెయిడెన్ క్యాసెట్ ఇంకా నా దగ్గరే ఉంది. ఏ సైడ్ టేపు అరిగిపోయి గరగరమంటుంది, బీ సైడ్ శుభ్రంగా ఉంది. ఇటు వస్తే వినిపిస్తాను. ప్లేయర్ బాగుచేయించాలి ముందు.

ఉంటాను,
మీ అన్న
(బాబాయ్ అన్నా పలుకుతాను)