వెనుక తలుపు తాళం

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కోల్డ్ స్టోరేజీలో రాత్రి షిఫ్టు సూపర్‌వైజరుగా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. గుంటూరులో ఇరవై రెండేళ్లు ఆ పనే చేశాను కనుక నీకు రాయకుండా ఉండలేకపోయాను.

మిర్చి టిక్కీలు (బస్తాలు) పోతాయన్న భయంతో మా దగ్గర వెనుక తలుపుకు తాళం వేయించేవారు. తాళంచెవి మేనేజరు సొరుగులో ఉండేది. ఆయన తొమ్మిదింటికే ఇంటికి వెళ్లిపోయేవాడు. ఆవరణ ముందు గేటుకేమో హమాలీలు బీడీ కోసం రాయి అడ్డం పెట్టి తెల్లవార్లూ తెరిచి ఉంచేవారు. దొంగ లోపలికి రావడానికి దారి ఉంది, మనిషి బయటపడటానికి లేదు! గదులను చల్లబరిచే అమ్మోనియా లీకైతే కళ్లు తెరవలేం, ఊపిరి ఆడదు. ఆ సమయంలో సొరుగు దగ్గరికి ఎవరు పరుగెత్తాలి?

రెండుసార్లు చెప్పాను. 'అది యజమాని ఆజ్ఞ' అన్నాడు మేనేజరు. కోల్డ్ స్టోరేజీ కూడా 1976 సవరణతో ఫ్యాక్టరీల చట్టం కిందికి వచ్చింది. అగ్నిప్రమాదంలో లోపలివారు తప్పించుకునే దారి ఉండాలని అప్పట్లో ఆ చట్టం 38వ సెక్షన్ చెప్పేది. అది చూపినా ఆయన కదలలేదు. నేను తాళం పగలగొట్టలేదు. 'అన్నీ సక్రమం' అని రాయడం మాత్రం మానేశాను. రోజూ రాత్రి రిజిస్టరులో 'వెనుక తలుపుకు తాళం ఉంది, తాళంచెవి నా వద్ద లేదు, లోపల పద్నాలుగు మంది ఉన్నారు' అని రాసి, టైము వేసి సంతకం చేశాను. ఉద్యోగం పోతుందేమోనని మీ అత్తయ్యకు నిద్ర పట్టలేదు. పన్నెండో రాత్రికి తాళం తీసి, లోపలి వైపు గడియ బిగించారు.

నువ్వు కూడా చూడనిదానికి సంతకం పెట్టకు. వాచ్‌మన్ రాత్రి గస్తీ సంతకాలన్నీ సాయంత్రమే పెట్టేస్తుంటే అతని మీద ఫిర్యాదు రాయకు, ఒక రౌండు అతనితో కలిసి తిరుగు. పన్నెండు గంటల డ్యూటీలో కాళ్లు ఎంత లాగుతాయో తెలుస్తుంది. అప్పుడు రెండో మనిషి కావాలని నువ్వే అడుగుతావు. గేటు దగ్గరి రాయి మాత్రం తీసేయించు. హమాలీలను కసరవద్దు. ఆవరణలోనే కూర్చునే చోటు, మంచినీళ్లు ఏర్పాటు చేయమని పట్టుబట్టు.

కంప్యూటర్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకు, మేనేజరు అడిగినా సరే. టిక్కీల లెక్క ఎవరు మార్చినా పేరు నీదే పడుతుంది.

మొదటి రాత్రి లైట్లు ఆపించి, లోపలి నుంచి వెనుక తలుపును నీ చేత్తో ఒకసారి తోసి చూడు. తెరుచుకుందో లేదో నాకు ఫోన్ చెయ్యి.

నీ మామయ్య