పాప తలలో గుండ్రటి మచ్చ, ఆయనకు తామర: ఆయింట్‌మెంట్ మానగానే మళ్లీ ఎందుకొస్తోంది?

సింగరాయకొండ నుంచి అడిగిన అక్కా, మీ ఆరేళ్ల పాపకు తలలో రూపాయి బిళ్లంత జుట్టు ఊడి పొట్టు రాలుతోందని, మీ ఆయనకు తొడల దగ్గర తామర ఆయింట్‌మెంట్ రాసినన్నాళ్లు తగ్గి, మానగానే మళ్లీ వస్తోందని రాశారు. తిండి వల్లా, నీళ్ల వల్లా అని అడిగారు. ఈ రెండూ మా ఇంట్లో కూడా వచ్చాయి. రెండూ ఒకే కోవకు చెందిన ఫంగస్‌ల పని అని తెలిసేసరికి మాకు ఏడాది పట్టింది.

మాది ఇందుకూరుపేట వైపు, రొయ్యల గుంటల మీద పని. మేత వేసేటప్పుడు ప్యాంటు తడుస్తుంది, ఒంటి మీదే ఆరుతుంది. పైన చెమట, ఉక్క. తొడల సందులో చిన్న మచ్చతో మొదలైంది. అంచు ఎర్రగా లేచి, మధ్యలో చర్మం మామూలుగా ఉండేది. రాత్రిళ్లు దురదకు నిద్ర ఉండేది కాదు. మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబ్ తెచ్చుకున్నాను. రెండు రోజుల్లో దురద, ఎరుపు రెండూ పోయాయి. మానేసిన వారానికి అంతకు రెట్టింపు వచ్చింది. మళ్లీ రాశాను. ఇట్లా ఎనిమిది నెలలు. మచ్చలు పొట్ట మీదికి పాకాయి, తొడల్లో చర్మం పలచబడి చారలు పడ్డాయి. ఆ చారలు ఇంకా పోలేదు.

చివరికి నెల్లూరులో చర్మ డాక్టరమ్మ దగ్గరికి వెళితే, ముందు ఆ ట్యూబ్ తెమ్మన్నారు. అందులో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడ్ ఉంది. ఫంగస్‌ను ఒళ్లు ఎదిరిస్తున్నప్పుడు వచ్చేవే ఆ ఎరుపు, దురద. స్టెరాయిడ్ ఆ ఎదిరింపునే అణిచేస్తుంది. మనకు హాయిగా ఉంటుంది, ఫంగస్‌కు అడ్డుండదు. 2018లో కేంద్రం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా నాకు ఎవరూ చీటీ అడగలేదు. దయచేసి మీ ఇంట్లో ట్యూబ్ మీద ‘సాల్’, ‘సోన్’తో ముగిసే పేరుందేమో ఇవాళే చూడండి, ఉంటే డాక్టరుకు చూపించండి.

ఇంకో సంగతి. ఇప్పుడు మన దేశంలో తిరుగుతున్న ఒక రకం తామర ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మామూలుగా వాడే టెర్బినాఫిన్ మాత్రకు అది చాలాసార్లు లొంగదు. కాబట్టి పక్కింటాయనకు తగ్గిన మాత్ర మీ ఆయనకు తగ్గించకపోవచ్చు. నాకు చర్మం మీది పొట్టు గీకి మైక్రోస్కోపులో చూసి, వేరే మాత్ర రాశారు. మచ్చ కనబడకుండా పోయాక కూడా రెండు వారాలు మందు ఆపవద్దన్నారు.

పాప విషయం. మా అమ్మ మా బాబు తల చూసి పేనుకొరుకుడు అని గురివింద గింజ అరగదీసి రాయబోయింది. నేను వద్దన్నాను, అది విషపు గింజ. పేనుకొరుకుడులో చర్మం నున్నగా ఉంటుంది, పొట్టు రాలదు. పొట్టు, దురద, కుదుళ్ల దగ్గరే విరిగిన వెంట్రుకలు నల్ల చుక్కల్లా కనబడితే అది తల తామరే అయ్యుండొచ్చు. ఫంగస్ వెంట్రుక లోపలికి దిగుతుంది కనుక పైపూత చాలదు. పాప బరువును బట్టి మాత్రో సిరప్పో వారాల తరబడి వాడాలి. ఫంగస్‌కు వాడే మందు షాంపూ ఇతరులకు అంటకుండా కొంత ఆపుతుంది, అంతే.

వంకాయ, రొయ్యలు మాన్పించనక్కర్లేదు. తిండితో వచ్చేది కాదిది. తువ్వాలు, దువ్వెన, దిండు ఎవరివి వాళ్లకే పెట్టండి. బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో తిరగేసి ఆరేయండి. ఇంట్లో దురద ఉన్న వాళ్లందరూ ఒకేసారి చూపించుకోవాలి. మేం అట్లా చేయకే రెండోసారి తెచ్చుకున్నాం. పిల్లికో కుక్కకో బొచ్చు ఊడుతుంటే దాన్నీ పశువుల డాక్టరుకు చూపించండి. మీ ఆయనకు షుగర్ పరీక్ష కూడా చేయించండి.

పాప తలలో మచ్చ మెత్తగా ఉబ్బి చీము కారితే సెగ్గడ్డ అనుకుని కోయించకండి. తల తామర ముదిరినా అలాగే ఉబ్బుతుంది. ఆలస్యమైతే అక్కడ జుట్టు మళ్లీ మొలవకపోవచ్చు. ఆ రోజే చర్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.