నామినీ బాబాయి, నాన్నగారి కెమెరాలు

ప్రశ్న: గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే మా కుటుంబ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి నాన్నగారు డైరెక్టర్. ఫొటోలు, పాత నాణేలు, హార్మోనియం, లైసెన్సు తుపాకీ... ఆయనకు లేని సరదా లేదు. వీలునామా రాయకుండానే పోయారు. షేర్లకు నామినీగా ఉన్న బాబాయి 'షేర్లు నావి, కెమెరాలు కంపెనీవి' అంటున్నారు. సంవత్సరీకానికి నాన్న ఫొటోలు, డైరీలతో పుస్తకం వేద్దామంటే అదీ వద్దంటున్నారు. నాణేలు అమెరికా తీసుకెళ్తానని అన్నయ్య. అమ్మ, నానమ్మ ఉన్నారు. పెళ్లయిన నాకు హక్కుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్నగారి స్వార్జితంలో మీ అమ్మగారికి, నానమ్మగారికి, అన్నయ్యకు, మీకు తలా నాలుగో వంతు వస్తుంది. నానమ్మ వాటాను చాలా ఇళ్లలో మరిచిపోతారు. మీరంతా ఉండగా బాబాయికి వారసత్వం రాదు.

నామినీ అయినంత మాత్రాన షేర్లు ఆయన సొంతం కావు. 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. వాటాలు వారసత్వ చట్టం ప్రకారమే పంచాలి. డైరెక్టర్ పదవి మాత్రం వారసత్వంగా రాదు, అన్నయ్య ఆశ పెట్టుకుని ఉంటే ముందే చెప్పండి.

కెమెరాల తగువు బిల్లులతో తేలుతుంది. కంపెనీ డబ్బుతో కొని ఆస్తుల పద్దులో రాసి ఉంటే బాబాయి మాటే నిజం. నాన్నగారి సొంత ఖాతాతో కొన్నవైతే మీ నలుగురివి. పద్దులు ఎలాగూ తెరుస్తారు కాబట్టి డైరెక్టర్ల దగ్గర తీసుకున్న అప్పు ఎంతుందో కూడా చూడండి. కుటుంబ కంపెనీల్లో సీజనుకు డబ్బు సర్దింది సాధారణంగా డైరెక్టర్లే. నాన్నగారి పేరున అలా నిలవ ఉంటే అది కంపెనీ ఆయనకు బాకీ, ఇప్పుడు మీకు రావాలి. షేర్ల గొడవలో పడి ఈ పద్దు వదిలేసుకున్నవాళ్లున్నారు. కంపెనీ దాఖలు చేసిన బ్యాలెన్స్ షీటు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఫీజు కట్టి చూడొచ్చు. కంపెనీ అప్పుకు ఆయన బ్యాంకులో హామీ సంతకం పెట్టారా అన్నదీ కనుక్కోండి. పెట్టినా, ఆయన వదిలిన ఆస్తి మేరకే మీ బాధ్యత.

పుస్తకానికి బాబాయి అనుమతి అక్కర్లేదు. నాన్నగారు తీసిన ఫొటోలకు, రాసిన డైరీలకు కాపీరైటు ఆయన పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది, అదీ మీ నలుగురిదే. మిగతా ముగ్గురి చేత ఒక కాగితం మీద ఒప్పుదల సంతకం తీసుకోండి. స్నేహితులు ఆయనకు రాసిన ఉత్తరాలుంటే జాగ్రత్త. కాగితం మీది, కాపీరైటు మాత్రం రాసినవారిది, అడిగి వేయండి. డైరీలో బతికున్నవారి మీద పరుషంగా రాసిన పేజీలు తీసేయడం మేలు. కోర్టు సంగతలా ఉంచి, సంవత్సరీకం భోజనాల దగ్గర గొడవ తప్పుతుంది.

నాణేల్లో వందేళ్లు దాటినవి 1972 చట్టం ప్రకారం పురావస్తువులు. అవి అన్నయ్య సూట్‌కేసులో దేశం దాటకూడదు.

షేర్ల బదలాయింపు కోరుతూ మరణ ధ్రువపత్రం, వారసుల పత్రాలతో కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. నిరాకరిస్తే, ఆ నోటీసు అందిన 30 రోజుల్లోగా జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ అమరావతి బెంచికి అప్పీలు చేసుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు తుపాకీ. లైసెన్సు నాన్నగారి పేరుది, ఇక దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోండి.