సెలవులన్నీ ఇండియా ట్రిప్‌కే దాచిపెట్టకండి

అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగువాళ్ల దగ్గర ఒక అలవాటు బాగా కనిపిస్తుంది. ఏడాదికి 15 రోజుల పీటీఓ (జీతంతో కూడిన సెలవు) ఇస్తే, సంక్రాంతికో చెల్లెలి పెళ్లికో పనికొస్తుందని ఒక్క రోజూ ముట్టుకోరు. ఇంటికి వెళ్లొద్దని చెప్పడం లేదు, తప్పకుండా వెళ్లండి. కానీ దాన్ని విశ్రాంతి కింద రాసుకోకండి.

న్యూయార్క్‌కీ హైదరాబాద్‌కీ వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. శరీరం గంట తేడాకి సుమారు ఒక రోజు చొప్పున సర్దుకుంటుంది. అంటే రెండు వారాల ట్రిప్‌లో సగానికి పైగా నిద్ర కుదరకుండానే గడుస్తుంది, తిరిగొచ్చాక మళ్లీ అదే తంతు. మధ్యలో బంధువుల ఇళ్లు, బ్యాంకు కేవైసీ, పొలం కాగితాలు, వీసా స్టాంపింగ్. అత్తగారింట్లో దిగే కోడలికైతే వంటిల్లు మారుతుందే తప్ప పని తగ్గదు.

సెలవు ఇచ్చే హుషారు గురించి పరిశోధకులు గమనించిన సంగతి ఒకటుంది: పనిలోకి తిరిగొచ్చిన కొన్ని వారాల్లోనే అది చాలావరకు కరిగిపోతుంది. అందుకే ఏడాదికొక పెద్ద సెలవు కంటే మూడు నాలుగు చిన్నవి మేలని మేం గట్టిగా చెబుతాం. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 12 వేలమందికి పైగా నడివయసు మగవాళ్లని తొమ్మిదేళ్లు గమనించిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఏటా సెలవు తీసుకున్నవాళ్లలో మరణాలు తక్కువగా కనిపించాయి. సెలవే కాపాడిందని దీంతో రుజువు కాదు, కానీ తేలిగ్గా తీసేయాల్సిన విషయమూ కాదు. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు దాటినవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంచనా వేసింది. పగలు ఆఫీసు, రాత్రి ఇండియా టీమ్‌తో ఆఫ్‌షోర్ కాల్స్ చేసేవాళ్లు తమ గంటలు ఒకసారి కూడి చూసుకోవాలి.

ఇక లెక్క. ఇక్కడ జీతంతో సెలవు ఇచ్చి తీరాలనే కేంద్ర చట్టం లేదు, చాలావరకు కంపెనీ పాలసీయే. కాబట్టి చేరిన వారంలోనే మూడు సంగతులు తెలుసుకోండి: సెలవు ఒకేసారి ఇస్తారా, నెలనెలా పోగవుతుందా, ఏడాది చివర మిగిలింది పోతుందా. 15 రోజులంటే 120 గంటలు. రెండు వారాలకోసారి జీతం వచ్చేచోట ఒక్కో పే స్టబ్‌లో (జీతం చీటీలో) దాదాపు 4.6 గంటలు కలుస్తాయి. మార్చిలోనే పది రోజులు కావాలంటే అప్పటికి అన్ని ఉండవు. కాలిఫోర్నియాలో పోగైన సెలవు జీతంతో సమానం, మురిగిపోనివ్వడం చట్టవిరుద్ధం, ఉద్యోగం మానేస్తే డబ్బు కట్టివ్వాలి. చాలా రాష్ట్రాల్లో ఆ రక్షణ లేదు.

పది రోజులు ఇండియాకి ఉంచి ఐదు ఇక్కడికి కేటాయించండి. మే చివరి సోమవారం మెమోరియల్ డే, ఆఫీసులకి సెలవు. ముందు శుక్రవారం, తర్వాతి మంగళవారం పెడితే రెండు సెలవులతో ఐదు రోజులు. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డేకీ అదే కిటుకు. నాలుగైదు వారాల ముందే మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టండి, క్యాలెండర్‌లో బ్లాక్ చేయండి, మీ బదులు ఎవరు చూస్తారో పేరు రాయండి. "కొత్తగా చేరాను, అడిగితే ఏమనుకుంటారో" అన్న బెరుకు వద్దు. సెలవు కూడా మీ జీతప్యాకేజీలో భాగమే.

హెచ్‌1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్ల భయం వేరు. జీతంతో తీసుకునే సెలవు వల్ల స్టేటస్‌కి ఇబ్బంది లేదు. కన్సల్టెన్సీ ద్వారా గంటల లెక్కన పనిచేస్తూ జీతం లేని సెలవు తీసుకుంటే మాత్రం, అది మీరే అడిగి తీసుకున్నదని ఈమెయిల్‌లో ఉండాలి. ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చోబెట్టిన రోజులకి ఎంప్లాయర్ జీతం ఇవ్వాల్సిందే, దాన్ని "సెలవు" అని రాయించుకోకండి. అమెరికా బయట గడిపిన పూర్తి రోజుల్ని హెచ్‌1బీకి ఉన్న ఆరేళ్ల పరిమితిలో తిరిగి పొందవచ్చు, రుజువుగా బోర్డింగ్ పాసులు దాచుకోండి. దేశం లోపలే తిరిగినా పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు చూపే రికార్డు) వెంట ఉంచుకోండి. టెక్సస్‌లో బిగ్ బెండ్ నేషనల్ పార్కు నుంచి వచ్చే దారిలో, న్యూమెక్సికోలో వైట్ శాండ్స్ పార్కు పక్కన బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఉంటాయి.

ట్రిప్ వేసేటప్పుడు మనవాళ్లు చేసే పెద్ద తప్పు, నాలుగు రోజుల్లో ఆరు ఊళ్లు ఇరికించడం. లాస్ వేగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు) 280 మైళ్లు, ఆగకుండా వెళ్లినా నాలుగున్నర గంటలు. వెళ్లి ఫొటో దిగి అదే రాత్రి తిరిగొస్తే మిగిలేది నడుంనొప్పి. అక్కడే ఒక రాత్రి ఉంటే సూర్యాస్తమయమూ సూర్యోదయమూ రెండూ దక్కుతాయి. రోజుకి నాలుగైదు గంటలకి మించి డ్రైవింగ్ పెట్టకండి, వ్యానులో లైసెన్స్ ఉన్నవాళ్లు కనీసం ఇద్దరుండాలి. అదే ఆరిజోనాలో పేజ్ ఊరి దగ్గరున్న ఆంటిలోప్ కాన్యన్‌కి గైడుతోనే వెళ్లాలి. ఆరిజోనాలో వేసవికి గడియారం మార్చరు, పేజ్ పక్కనే ఉన్న నవాహో నేషన్‌లో (నవాహో తెగ సొంతంగా పాలించుకునే ప్రాంతం) మారుస్తారు. ఫోను గంట ముందుకో వెనక్కో దూకి టూర్ తప్పిపోయేది ఇందుకే. పేజ్ ఊళ్లో టూర్లు ఆరిజోనా సమయంతో నడుస్తాయి, చేతి గడియారం పెట్టుకోండి.

పులిహోర, పెరుగన్నం, ఆవకాయ తీసుకెళ్లడం మంచి పనే, ఐస్ వేసిన కూలర్‌లో పెట్టండి. అయితే కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో చీకటి పడ్డాక కారులో తిండి ఉంచకూడదు, ఎలుగుబంట్లు తలుపులు పీకేస్తాయి. సబ్బు, టూత్‌పేస్ట్‌తో సహా వాసనొచ్చేదేదైనా అక్కడి ఇనుప లాకర్లలో పెట్టాలి. యెల్లోస్టోన్ పార్కులో అడవిదున్నకి (బైసన్) 25 గజాలు, ఎలుగుబంటికి 100 గజాలు దూరంలో ఉండాలి. దున్న నెమ్మదిగా మేస్తోంది కదా అని దగ్గరికెళ్లి పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీయకండి. మనిషి కంటే అది చాలా వేగంగా పరుగెత్తుతుంది.

ట్రిప్ రోజుల్లో ఆఫీసు ఫోను పెట్టెలో ఉండాలి. మనసు పని నుంచి విడిపడకపోతే ఊరు మారినా లాభం తక్కువ.

ట్రిప్ లేని వారాలకి కూడా ఒక కొలత ఉంది. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేలమందిని అడిగి చేసిన 2019 నాటి అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు చెట్టూచేమా మధ్య గడిపినవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఒక్కరోజే గడిపినా, విడివిడిగా గడిపినా తేడా లేదు. సియాటిల్‌లో డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఆఫీసు అయ్యాక నడుద్దామంటే వెలుతురు దొరకదు. అక్టోబరు నుంచే లంచ్ వేళలో అరగంట నడక క్యాలెండర్‌లో పెట్టేసుకోండి. వాన కోటు కారులో ఉంచుకోండి, గొడుగు ఆ గాలికి ఆగదు.