మీ నాన్న మోకాలి నొప్పి సంగతి

బుజ్జీ,

నాన్నని ఊరికి తీసుకెళ్లి, మూడు నెలలు సెలవు పెట్టి నువ్వే చూసుకుంటావని మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉందిరా, గుబులు మాత్రం తగ్గట్లేదు. గుండెపోటుకి స్టెంటు పడింది, గండం గడిచిందంటున్నారంతా. నేను చూసింది డిశ్చార్జి కాగితంలో క్రియాటినిన్, అంటే కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం: చేరిన రోజు 1.1, రెండో రోజు 1.4.

"కాస్తేగా" అనకు. 48 గంటల్లో 0.3 పెరిగితే కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క. 68 ఏళ్ల మగమనిషికి కిడ్నీ వడపోత (రిపోర్టుల్లో జీఎఫ్‌ఆర్ అంటారు) 73 నుంచి 55కి దిగినట్టు. అదీ ఇంకా నిలకడకు రాని అంకె. యాంజియోలో ఎక్కించిన రంగు మందు ఒక్కటే కారణం కాదు, బీపీ పడిపోయిన గంటల్లో కిడ్నీకి రక్తం సరిగా అందదు. గుండెపోటు తర్వాత మనిషి ఎన్నాళ్లుంటాడన్నది కిడ్నీ మీద కూడా ఆధారపడుతుంది. గుండెపోటు వచ్చిన 14,527 మందిని చూసిన వాలియంట్ పరిశోధన 2004లోనే చెప్పింది: వడపోత 81 కిందికి దిగాక, ప్రతి పది తగ్గుదలకీ ముప్పు పదో వంతు పెరుగుతుంది.

ఈ దెబ్బ ముదిరేది మూడు నుంచి ఐదో రోజు మధ్య, అంటే మీరు ఇల్లు చేరాక. ఐదో రోజున క్రియాటినిన్, పొటాషియం చేయించు. రెండు వారాలకీ దిగకపోతే కిడ్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

ఉప్పు తగ్గించు. చుట్ట మానిపించు. రోజూ పొద్దున్నే బరువు చూడు, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చెయ్యి. కిడ్నీ కడుగుతానని బిందెడు నీళ్లు తాగించకు, గుండె మొయ్యలేదు.

ఇక అసలు భయం. మోకాలు పీకుతోందని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కొనుక్కోవడం మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉన్న తప్పు. మీ నాన్న కుర్రతనమంతా మడవల దగ్గరే గడిచింది కాబట్టి ఆయనకి ఇలా చెప్పు. కిడ్నీ ఒక మడి. లాసిక్స్, అదే ఒంటేలు ఎక్కువ పోయించే మాత్ర, కాలవలో నీళ్లు తగ్గిస్తుంది. రామిప్రిల్ అనే బీపీ మాత్ర నీళ్లు బయటికి పోయే మడవని వదులు చేస్తుంది. ఈ రెండూ గుండెకి కావాలి. అప్పుడు మడిని కాపాడేది లోపలికొచ్చే మడవ తెరుచుకుని ఉండడమే. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ సరిగ్గా దాన్నే బిగిస్తాయి. మడి ఎండుతుంది. నొప్పి ఉండదు, ఒంటేలు తగ్గినా ఎవరూ గమనించరు, వారానికి కాళ్లు పొంగుతాయి. పైగా రక్తం పలచన చేసే మందుల మీద ఇవి పడితే కడుపులో రక్తస్రావం.

నొప్పికి పారాసిటమాల్, రోజుకి మూడు గ్రాములు దాటకుండా. వేడి కాపడం పెట్టు. నొప్పి మాత్రలు వద్దన్నానని 75 ఆస్పిరిన్ తీసేసేవు, మొద్దబ్బాయ్! అదీ, టికాగ్రెలోర్ కూడా రక్తం గడ్డ కట్టనివ్వని మందులే, ఒక్క పూట మానినా స్టెంటులో గడ్డ కట్టొచ్చు. రామిప్రిల్ మొదలెట్టాక క్రియాటినిన్ 30 శాతం దాకా పెరగడం మామూలే, నీ అంతట నువ్వు ఆపకు. వాంతులో విరేచనాలో పట్టుకుంటే మాత్రం ఆ రోజే డాక్టర్ని అడుగు.

చూడ్డానికొచ్చేవాళ్లు కొబ్బరిబోండాలు తెస్తారు. వాటి నిండా పొటాషియమే, దెబ్బతిన్న కిడ్నీ దాన్ని సరిగా బయటికి పంపలేదు. రిపోర్టు వచ్చేదాకా అవి నువ్వే తాగు, చిక్కిపోయుంటావు.

బయల్దేరేముందు ఆయన చొక్కా జేబులు ఒకసారి వెతుకు.

మీ మేనత్త